ఏ చట్టమూ చేరని మన కంచం

2026 మొదలైన వారం రోజుల్లోనే, తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన మూడు దేశాల్లో తిండికి సంబంధించిన మూడు నిర్ణయాలు వచ్చాయి. జనవరి 1 నుంచి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ తీపి పానీయాల మీద పన్ను వేసే పద్ధతిని మార్చింది. ఇదివరకు ధరలో ఇంత శాతం అని వేసేవారు. ఇప్పుడు 100 మిల్లీలీటర్లలో చక్కెర ఎంత ఉందో చూసి, దాన్ని బట్టి లీటరుకు ఇంత అని వేస్తున్నారు. జనవరి 5 నుంచి బ్రిటన్‌లో కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాల ప్రకటనలను రాత్రి 9 గంటల లోపు టీవీలో చూపకూడదు. ఆన్‌లైన్‌లో డబ్బు చెల్లించి ఇచ్చే ప్రకటనలకైతే ఏ వేళలోనూ అనుమతి లేదు. జనవరి 7న అమెరికా ప్రభుత్వం 2025-30 సంవత్సరాల ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. పాత పిరమిడ్‌ను తలకిందులు చేసి ప్రోటీన్, పాల ఉత్పత్తులు, కూరగాయలు, పండ్లను పైన పెట్టి, ధాన్యాలను అడుగుకు దించింది.

ఇక్కడ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ పిరమిడ్ బొమ్మ బాగానే తిరిగింది. కొందరు సంబరపడ్డారు, కొందరు రాజకీయాలు మాట్లాడారు. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఈ మూడు నిర్ణయాల్లో మన ఇంట్లో రాత్రి భోజనాన్ని మార్చేది ఏది? పన్ను సీసా మీద పడుతుంది. నిషేధం ప్రకటన మీద పడుతుంది. అమెరికా పత్రం కంచం దాకా వచ్చింది కానీ, అది సగటు అమెరికన్ కంచాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. మన కంచంలోకి వచ్చేది చాలా వరకు ఇరవై పౌన్ల బియ్యం సంచీ లోంచి, నూనె డబ్బా లోంచి, ఊరి నుంచి వచ్చిన పచ్చడి జాడీ లోంచి. అక్కడికి ఏ దేశపు చట్టమూ రాదు. అక్కడ నిర్ణయం మనదే.

ఇంటి భోజనమేగా!

నేను చాలా ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. మా తెలుగు సంఘం నిర్వహించే ఉచిత వైద్య శిబిరాల్లో పేర్లు రాసుకునే బల్ల దగ్గర నా డ్యూటీ. నేను డాక్టర్ని కాను. కానీ ఆ బల్ల దగ్గర కూర్చుంటే జనం డాక్టర్‌కు చెప్పని మాటలు కూడా చెబుతారు. అందులో అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఇది: "మేం బయట తినమండీ, అంతా ఇంటి భోజనమే. అయినా షుగర్ ఎలా వచ్చిందో!"

ఈ మాటలో అబద్ధం లేదు. మనవాళ్లలో చాలామంది బర్గర్లు తిని జబ్బు తెచ్చుకున్నవాళ్లు కారు. మద్యం ముట్టనివాళ్లు, సిగరెట్ తాగనివాళ్లు, శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు ఎందరో. వారికి నలభై దాటగానే రిపోర్టులో అంకెలు మారిపోతుంటే తిండిని కాక ఒత్తిడిని, వంశాన్ని, ఉద్యోగాన్ని అనుమానిస్తారు. వాటి వాటా కూడా నిజమే. కానీ రోజూ తినే తిండి మంచిదని ముందే తేల్చేసుకున్నాక, దాని వైపు ఎవరూ తిరిగి చూడరు.

ఇది ఆషామాషీ విషయం కాదని గుర్తుచేయడానికి మన గ్రూపులే చాలు. నలభైల్లో ఉన్న మనిషి, నిన్నటి దాకా ఆఫీసుకు వెళ్లినవాడు, గుండెపోటుతో పోయాడని, భార్యాపిల్లలకు విరాళాలు కావాలని, పార్థివదేహాన్ని స్వస్థలానికి పంపాలని వచ్చే సందేశాలను అమెరికాలోనూ, గల్ఫ్‌లోనూ చూడని తెలుగు కుటుంబం అరుదు. మనం డబ్బు పంపుతాం, బాధపడతాం. ఆ రాత్రి భోజనం మాత్రం మామూలే.

మన ఒంటి లెక్క వేరు

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. దక్షిణాసియా వాళ్ల ఒంటికి, ఇక్కడి క్లినిక్ గోడ మీద అంటించిన పట్టికకు పొత్తు కుదరదు. ఆ పట్టిక ప్రకారం బీఎంఐ 25 లోపు ఉంటే బరువు సరిగ్గా ఉన్నట్టే. కానీ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే ఆసియా మూలాలున్న వారికి 23 నుంచే మధుమేహ పరీక్ష చేయాలని సూచించింది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2013లోనే మనలాంటివారికి 23 దగ్గర ముప్పు మొదలవుతుందని, 27.5 దగ్గర అది ఎక్కువవుతుందని చెప్పింది.

ఐదడుగుల ఏడు అంగుళాల ఎత్తున్న మనిషి 154 పౌన్లు, అంటే 70 కిలోలు ఉన్నాడనుకుందాం. బీఎంఐ సుమారు 24. గోడ మీది పట్టిక అతన్ని "నార్మల్" అంటుంది. మన లెక్కలో అతను పరీక్ష చేయించుకోవాల్సిన మనిషి. మనలో కొవ్వు చేతుల్లో, తొడల్లో కంటే పొట్ట లోపల, కాలేయం చుట్టూ ఎక్కువగా చేరుతుంది. కండ తక్కువ. అందుకే పైకి సన్నగా కనిపించే మనిషికి కూడా ఇన్సులిన్ సరిగా పనిచేయదు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదని మనకు పెట్టిన హద్దు. ప్యాంటు సైజు చూసి కాకుండా, బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలిస్తే చాలామందికి ఆశ్చర్యం తప్పదు.

అంకెలు కూడా ఇదే చెబుతున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగో ప్రాంతాల్లో 2010లో మొదలైన "మసాలా" అనే అధ్యయనం అమెరికాలో ఉంటున్న దక్షిణాసియా వాళ్లనే పరిశీలించింది. నలభై ఏళ్లు దాటిన వారిలో వయసు తేడాలను సరిచేసి చూస్తే 23 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు తేలింది. పోల్చి చూసిన తెల్లవారిలో అది 6 శాతమే. ఇక గుండె సంగతి. అనేక దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా దేశాల వారికి మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53 ఏళ్లు. మిగతా దేశాల వారికి సుమారు 59. దాదాపు ఆరేళ్ల ముందే. పిల్లలు కాలేజీలో ఉండగానే అన్నమాట. అమెరికాలో 2018 నాటి కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలను ముప్పు పెంచే అంశంగా రాశాయి. ఈ మాట మీ డాక్టర్‌కు తెలిసి ఉండొచ్చు, తెలియకపోవచ్చు. మీరు గుర్తుచేస్తే తప్పేమీ లేదు.

మసాలా అధ్యయనమే తిండి గురించి కూడా ఒక మాట చెప్పింది. నూనెలో వేయించిన చిరుతిళ్లు, స్వీట్లు, కొవ్వు ఎక్కువ ఉన్న పాల పదార్థాలు ఎక్కువగా తినేవారిలో ఇన్సులిన్ పనితనం తగ్గి, మంచి కొలెస్ట్రాల్ తక్కువగా కనిపించింది. పండ్లు, కూరగాయలు, గింజలు, పప్పులు ఎక్కువగా తినేవారిలో రక్తపోటు వంటి సమస్యలు తక్కువ. ఇవి రెండూ మన ఇంటి తిళ్లే. జంతికలూ మనవే, ఆకుకూర పప్పూ మనదే. ఇంటి భోజనం అన్నంత మాత్రాన అదంతా ఒకటే భోజనం అయిపోదు.

అసలు కథ అన్నం దగ్గరే

గత సెప్టెంబరు చివర్లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో భారతీయ వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగిన ఇండియాబ్ సర్వే తిండి వివరాలు వచ్చాయి. దేశవ్యాప్తంగా లక్షా 21 వేల మందికి పైగా పెద్దవారిని తీసుకున్న సర్వే ఇది. భారతీయుల రోజువారీ కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. అందులోనూ పెద్ద వాటా తెల్ల బియ్యం, మర పట్టిన ధాన్యాలు, చక్కెరలది. ఇదే సర్వే 2023లో దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని చెప్పి అందరినీ ఉలిక్కిపడేలా చేసింది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం మించకూడదు. ఆ పత్రమే దేశంలో మొత్తం రోగభారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని చెప్పింది. అరవై రెండుకూ నలభై ఐదుకూ మధ్య ఉన్న ఆ దూరమే మన సమస్య.

మనం దేశం మారినా ఈ నిష్పత్తిని వెంట తెచ్చుకున్నాం. మన తాతలు కూడా అన్నమే తిన్నారు కదా అంటారు. తిన్నారు. దాని తర్వాత నాగలి పట్టారు, నాట్లు వేశారు, బావిలో నీళ్లు తోడారు. మనం అదే ముద్ద తిని, కారెక్కి, లిఫ్టెక్కి, కుర్చీలో కూర్చుంటున్నాం. పైగా వేళ మారింది. మధ్యాహ్నం ఆఫీసులో ఏదో ఒక సలాడ్‌తోనో, శాండ్‌విచ్‌తోనో సరిపెట్టి, పిల్లల క్లాసులన్నీ అయ్యాక రాత్రి తొమ్మిదింటికి అసలు భోజనానికి కూర్చుంటాం. రోజంతటికీ పెద్ద భోజనం, నిద్రకు గంట ముందు. గల్ఫ్‌లో షిఫ్టుల్లో పనిచేసే మన కార్మికుల పరిస్థితి ఇంకో రకం. క్యాంపు మెస్‌లో చవకగా కడుపు నిండేది అన్నమే. కూర పలచన. ఎండలో దాహానికి చల్లని తీపి డ్రింకు. అక్కడ పన్ను మార్పు కొంత పనిచేయవచ్చు. కంచంలో అన్నం, కూర పాళ్లు మాత్రం మెస్ నడిపే కాంట్రాక్టర్ చేతిలో ఉన్నాయి.

కొర్రలకు మారితే సరిపోతుందా?

ఈ మధ్య మన ఇళ్లలో కొర్రలు, అరికెలు, రాగిజావ బాగా వచ్చాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఇక్కడి ఇండియన్ స్టోర్లలో వాటికి ఒక అల్మారా కూడా దొరికింది. సంతోషమే. పీచు ఉంటుంది, ఖనిజాలుంటాయి. కానీ ఇండియాబ్ విశ్లేషణలో మనం గమనించాల్సిన మాట ఒకటి ఉంది. మొత్తం పిండిపదార్థాల మోతాదు తగ్గించకుండా, తెల్ల బియ్యం బదులు గోధుమ పిండికో, చిరుధాన్యాల పిండికో మారినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్టు కనబడలేదు. రోజువారీ కేలరీల్లో 5 శాతం పిండిపదార్థాలను తీసేసి, ఆ స్థానంలో పప్పులు, పాల ఉత్పత్తులు, గుడ్లు లేదా చేపల నుంచి వచ్చే ప్రోటీన్ పెడితే మాత్రం ముప్పు తక్కువగా కనిపించింది. ఇది ఒకసారి చేసిన సర్వే మీద కట్టిన లెక్క. కాబట్టి ఇది కారణాన్ని రుజువు చేయదు, సంబంధాన్ని చూపుతుంది. అయినా దారి ఎటో తెలుస్తోంది.

అంటే గుట్టగా పెట్టుకున్న కొర్రన్నం కూడా గుట్టే. నాలుగు చపాతీలు కూడా అంతే. రాత్రి అన్నం మానేశానని చెప్పి, దాని బదులు ఉప్మానో, మూడు దోసెలో తింటే కంచంలో పేరు మారింది, పాళ్లు మారలేదు.

వంటింటి లెక్కలో చెబితే ఇలా ఉంటుంది. ఒక కప్పు తెల్లన్నంలో దాదాపు 200 కేలరీలు, 45 గ్రాముల పిండిపదార్థాలు, 4 గ్రాముల ప్రోటీన్. రోజుకు నాలుగు కప్పుల అన్నం తినే మనిషి అందులో రెండు కప్పులు తగ్గించి, ఇప్పుడు తింటున్న దానికి అదనంగా ఒక కప్పు గట్టి కందిపప్పు, ఒక గుడ్డు, ఒక కప్పు పెరుగు చేర్చుకున్నాడనుకోండి. కేలరీలు దాదాపు అవే. పిండిపదార్థాలు సుమారు 40 గ్రాములు తగ్గుతాయి. ప్రోటీన్ 17 గ్రాముల దాకా పెరుగుతుంది. గుడ్డు తిననివాళ్లు పనీరో, ఉడికించిన శనగలో, సోయానో పెట్టుకోవచ్చు. ఇక్కడ ముఖ్యమైన మాట "తగ్గించి". అన్నం అలాగే ఉంచి పక్కన ప్రోటీన్ షేక్ పెట్టుకుంటే పెరిగేది పొట్టే.

గట్టి పప్పు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. నీళ్లలా చారు చేసి రెండు గరిటెలు పోసుకుని పప్పు తిన్నామంటే లెక్కకు రాదు.

అమెరికా సలహా మనకెంత వరకు?

కొత్త అమెరికా మార్గదర్శకాలు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ తినమంటున్నాయి. ఇప్పటిదాకా ఉన్న కనీస ప్రమాణం 0.8 గ్రాములు. మన పోషకాహార సంస్థ ప్రమాణం కూడా దానికి దగ్గరగా 0.83. అరవై కిలోల మనిషికి కొత్త లెక్కలో 72 నుంచి 96 గ్రాములు కావాలి. మామూలు శాకాహార తెలుగు ఇంట్లో ఇది తేలిగ్గా వచ్చే అంకె కాదు. అంత ఎక్కువ అందరికీ అవసరమా అన్నదానిపై నిపుణుల్లో వాదన ఉంది. ఆ వాదన తేలేదాకా ఆగకుండానే, ఇప్పుడున్న దాని కంటే కొంత పెంచడం మనలో చాలామందికి మేలే. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. షుగర్ వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నవారు డాక్టర్‌ను అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

రెండో సలహా దగ్గర మనం మరింత జాగ్రత్తగా ఉండాలి. కొవ్వు తీయని పాలు, పెరుగు మంచివేనని, వంటకు వెన్న, పశువుల కొవ్వు కూడా వాడుకోవచ్చని ఆ పత్రం చెబుతోంది. దీన్ని చూసి "నెయ్యి మంచిదని అమెరికావాళ్లే ఒప్పుకున్నారు" అంటూ మన గ్రూపుల్లో వీడియోలు తిరిగాయి. కానీ అదే పత్రం సంతృప్త కొవ్వు రోజువారీ కేలరీల్లో 10 శాతం మించకూడదన్న పాత హద్దును అలాగే ఉంచింది. రెండు వేల కేలరీలు తినేవారికి అది 22 గ్రాములు. ఒక టేబుల్ స్పూన్ నెయ్యిలోనే 8, 9 గ్రాములు ఉంటాయి. ముద్దపప్పులో ఒక చెంచా, ఆవకాయన్నంలో ఇంకో చెంచా, పై నుంచి గడ్డ పెరుగు, సాయంత్రం ఒక మైసూర్‌పాక్ అయితే హద్దు దాటిపోయినట్టే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అయితే 6 శాతం లోపే ఉంచమంటుంది. గుండె విషయంలో ముప్పు ఎక్కువ ఉన్న మనకు ఈ రెండో హద్దే శ్రేయస్కరం. చిన్న చెంచాతో, వాసనకు వేసుకునే నెయ్యి వేరు. వీడియో చూసి గరిటెతో పోసుకునే నెయ్యి వేరు.

మార్గదర్శకాలు బాగా పాసు చేసిన తిళ్లకు దూరంగా ఉండమన్న మాట మాత్రం మనకూ వర్తిస్తుంది. పిల్లల కోసం కొనే తీపి సీరియల్, ఫ్రీజర్‌లోని పరాటాలు, టీతో నమిలే మిక్చర్ ప్యాకెట్, పండ్ల రసం. ఒక కప్పు నారింజ రసంలో 20 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. నారింజ పండు తింటే పీచూ వస్తుంది, కడుపూ నిండుతుంది.

మారిషస్‌లో ఏం జరిగింది?

తిండి మార్పు నిజంగా పనిచేస్తుందా అని అడిగేవారికి, మన తెలుగువారు తరతరాలుగా ఉంటున్న మారిషస్‌లోనే ఒక జవాబు ఉంది. ఉగాదికి జాతీయ సెలవు ఇచ్చే దేశం అది. 1987లో అక్కడి ప్రభుత్వం రేషన్ నూనెను మార్చింది. అప్పటిదాకా అది ఎక్కువ భాగం పామాయిల్. దాని బదులు సోయా నూనె ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత 1992లో మళ్లీ పరీక్షలు చేస్తే జనం సగటు కొలెస్ట్రాల్ సుమారు 213 మిల్లీగ్రాముల నుంచి 182కు దిగింది. జనం వంట మానలేదు, రుచి మానలేదు. గిన్నెలో పడే నూనె మారింది. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగానికి నూనె మార్పే కారణమని పరిశోధకులు తేల్చారు.

అదే మారిషస్‌లో మధుమేహం మాత్రం ఆ తర్వాత కూడా పెరుగుతూనే వచ్చింది. ఈ రెండో సగాన్ని కూడా చెప్పుకోవాలి. నూనె మారిస్తే నూనె వల్ల వచ్చే చేటు తగ్గుతుంది. కంచంలో పిండి పాళ్లు, ఒంటికి కదలిక లేకపోవడం అలాగే ఉంటే షుగర్ అలాగే ఉంటుంది. ఒక్క మార్పుతో అన్నీ పోవు. అలాగని ఆ ఒక్క మార్పూ వృథా కాదు. అక్కడ ప్రభుత్వం రేషన్ ద్వారా చేసింది. మనకు ఇక్కడ రేషన్ కార్డు లేదు. మన వంటింటికి మనమే ప్రభుత్వం.

ఇప్పుడు మొదలుపెడితే లాభముందా?

"ప్రీ డయాబెటిస్ అన్నారు, ఇక వచ్చేసినట్టేగా" అని శిబిరంలో నిట్టూర్చేవాళ్లు చాలామంది. వచ్చేసినట్టు కాదు. అమెరికాలో 2002లో ఫలితాలు వెల్లడైన పెద్ద ప్రయోగంలో, బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో తగ్గింది 31 శాతం. మనవాళ్లకు కూడా ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్నకు 2006లో చెన్నై పరిశోధకులు జవాబిచ్చారు. భారతీయుల్లో తిండి, నడక మార్పులతో దాదాపు 28 శాతం తగ్గింది. అమెరికా ప్రయోగం కంటే తక్కువే. కానీ అక్కడ పాల్గొన్నవారి బరువు పెద్దగా తగ్గకపోయినా మేలు కనిపించింది. తూకం ముల్లు కదలలేదని దిగులుపడి మానేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ ప్రయోగం ఆధారంగానే అమెరికాలో మధుమేహ నివారణ శిక్షణ తరగతులు నడుస్తున్నాయి. 65 దాటి మెడికేర్ ఉన్నవారికి అర్హతను బట్టి 2018 నుంచి అందులో కవరేజీ ఉంది. ఇక్కడ స్థిరపడ్డ మన పెద్దవారిలో ఈ సంగతి తెలిసినవారు నాకు తక్కువగా కనిపించారు. ఊరి నుంచి ఆరు నెలలకు వచ్చే అమ్మానాన్నల విషయం వేరు. విజిటర్ ఇన్సూరెన్సులు సాధారణంగా పాత జబ్బులను కవర్ చేయవు. మనవడిని చూసుకోవడానికి వచ్చిన అమ్మ, చలికి ఇంట్లోంచి కదలక, మనకోసం రోజూ పిండివంటలు చేస్తూ, తానూ తింటూ, మాత్రలు లెక్కపెట్టుకుని సరిపెట్టుకుంటుంది. ఆమె వచ్చిన వారంలో ఒకసారి, వెళ్లే ముందు ఒకసారి షుగర్, బీపీ చూడడం ఖరీదైన పని కాదు.

ఏం చేయవచ్చు?

డైటింగ్ అనే మాట మన ఇళ్లలో రెండు వారాలు నిలవదు. పండగ రోజు బొబ్బట్లు మానేయమని నేను చెప్పను. ఏడాదికి పది పన్నెండు పండగలు జబ్బు తేవు. మిగతా మూడు వందల యాభై రోజులే తెస్తాయి. ఆ రోజుల కోసం కొన్ని మార్పులు చాలు.

వడ్డించే వరుస మార్చండి. ముందు కూర, పప్పు, గుడ్డో చేపో తిని, అన్నం చివర తింటే భోజనం తర్వాత షుగర్ అంత ఎగరదని చిన్న చిన్న ప్రయోగాల్లో తేలింది. కంచంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పు లేదా ఇతర ప్రోటీన్, పావు భాగం అన్నం. బంగాళాదుంప వేపుడు అన్నం భాగంలోకే వస్తుంది, కూర భాగంలోకి కాదు. అన్నం హస్తంతో కాక కప్పుతో కొలిచి పెట్టుకోండి. వారం రోజులు కొలిస్తే చాలు, తర్వాత కంటికే తెలుస్తుంది. భోజనం కాగానే సోఫా ఎక్కకుండా పది పదిహేను నిమిషాలు నడవండి. చలికాలమైతే ఇంట్లోనే. ఆవకాయ, అప్పడం, వడియం, కారప్పొడి నాలుగూ ఒకే పూట కంచంలో వద్దు. రోజుకు మొత్తం ఉప్పు ఒక చెంచా లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. శాకాహారులు, చాలా కాలంగా మెట్‌ఫార్మిన్ వాడేవారు బీ12 ఒకసారి చూపించుకోండి. ఏడాదికొకసారి హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎంత వయసు నుంచి, ఎంత తరచుగా అన్నది డాక్టర్‌ను "నేను దక్షిణాసియా మనిషిని" అని చెప్పి మరీ అడగండి.

పిల్లల విషయంలో ఒక్క మాట. వాళ్ల ఒంటి ఆకారం గురించి, ముఖ్యంగా ఎదిగే ఆడపిల్లల ముందు, వ్యాఖ్యలు చేయకండి. వాళ్లకు ప్రత్యేక వంట కూడా వద్దు. అందరి కంచాల్లో ఒకే పాళ్లు ఉంటే వాళ్లకు అదే మామూలు భోజనం అవుతుంది. వాళ్లు మన నుంచి పోలికలనే కాదు, వడ్డన కొలతలను కూడా తీసుకుపోతారు.

మన సంఘాల వారికి కూడా ఒక మనవి. ఉగాదికి, సంక్రాంతికి, మహాసభలకు వడ్డించే భోజనంలో రెండు రకాల బిర్యానీ, మూడు రకాల స్వీట్లు, నాలుగు రకాల వేపుళ్లు పెట్టడమే గొప్ప అనుకుంటున్నాం. వరుసలో మొదట ఆకుకూర పప్పు, సలాడ్, సుండల్ పెట్టి, అన్నాలు చివరికి జరపండి. స్వీటు ఒకటి చాలు. వైద్య శిబిరం ఒక హాల్లో, జిలేబీ స్టాలు పక్క హాల్లో పెట్టే అలవాటు మానుకుంటే ఇంకా మంచిది.

ప్రభుత్వాలు పన్నులు వేస్తాయి, ప్రకటనలు ఆపుతాయి, పిరమిడ్లు తిప్పుతాయి. అవి చేయాల్సినవే. కానీ ఎడిసన్‌లో, స్లౌలో, షార్జాలో రాత్రి తొమ్మిదింటికి కుక్కర్ మూత తీసి గరిటె పట్టుకునేది మనమే. ఆ గరిటె అన్నం గిన్నెలోకి ముందు వెళ్తుందా, కూర గిన్నెలోకి ముందు వెళ్తుందా అన్నది చాలా చిన్న సంగతి. ఒక్క రాత్రికి దానితో ఏమీ తేడా రాదు. ఇరవై ఏళ్ల రాత్రులు కలిపితే, మనవళ్ల పెళ్లికి మనం ఉంటామా లేదా అన్నది చాలామందికి అక్కడే తేలుతుంది.